విదేశవిద్యకు పునాది సంవత్సరము: పంచాయతి సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

గ్రామములో వివాహ నిశ్చయమైనను, పొలముగట్టు తగవైనను పంచాయతి సభ్యుని పిలిచి సలహా అడుగుట మన పల్లెల ఆచారము. ఇటీవల కృష్ణాడెల్టా దిగువ ప్రాంతమున ఈ పిలుపునకు మరియొక కారణము చేరినది. బందరు, గుడివాడ, అవనిగడ్డ పరిసర గ్రామములలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్లలను విదేశములకు పంపదలచిన తలిదండ్రులు, పట్టణములోని కన్సల్టెన్సీవారు ఇచ్చిన కాగితములు చేతబట్టుకొని సభ్యుని యింటికి వచ్చుచున్నారు. "ఇందులో ఏమున్నదో చూడండి, అప్పుపత్రముపై సాక్షి సంతకము చేయండి" అని కోరుచున్నారు. ఆ కాగితములలో తరచుగా కనిపించు మాట "ఫౌండేషన్ ఇయర్". తెలుగున దీనిని పునాది సంవత్సరము అనవచ్చును.

ఈ సంవత్సరము ఏల ఏర్పడినది? ఎవరికి అవసరము? ఎవరికి అనవసరము? పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఏమేమి విచారింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములను ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచితిమి. గ్రామములో నలుగురు నమ్మి అడుగు వ్యక్తికి ఈ సంగతులు తెలిసియుండుట ఒక కుటుంబపు ఆస్తిని కాపాడును. ఒక బాలుని లేక బాలిక భవిష్యత్తును చక్కదిద్దును.

పునాది సంవత్సరమనగానేమి?

ఒక దేశమున పాఠశాల చదువు ముగియు చోటునకును, మరియొక దేశమున విశ్వవిద్యాలయపు చదువు ప్రారంభమగు చోటునకును నడుమ కొన్నిసార్లు ఎడము ఏర్పడును. ఆ ఎడమును పూరించుటకు విదేశ విద్యార్థుల కొరకు ఏర్పరచిన ఒక సంవత్సరపు చదువే పునాది సంవత్సరము.

ఇంగ్లండును ఉదాహరణముగా తీసికొందము. అచ్చట పిల్లలు 13 సంవత్సరములు చదివి, ఎ-లెవెల్ అను పరీక్షలు వ్రాసి విశ్వవిద్యాలయమున ప్రవేశింతురు. చివరి రెండు సంవత్సరములలో వారు సాధారణముగా మూడు విషయములను మాత్రమే ఎన్నుకొని లోతుగా చదువుదురు. కావుననే అచ్చటి డిగ్రీ మూడు సంవత్సరములలో ముగియుచున్నది. మన పిల్లలు పదవ తరగతి, ఇంటర్మీడియట్ కలిసి 12 సంవత్సరములు చదువుదురు. ఒక సంవత్సరపు తేడా అచ్చటనే కలదు. స్కాట్లండులో డిగ్రీ సాధారణముగా నాలుగు సంవత్సరములు; అమెరికాలో 12 సంవత్సరముల పాఠశాల చదువు తరువాత నాలుగు సంవత్సరముల డిగ్రీ. అందుచేత అచ్చట ఈ ఎడము అంతగా కనిపించదు.

తేడా సంవత్సరముల లెక్కలో మాత్రమే లేదు. చదువు రీతిలోను కలదు. మన విద్యార్థి పాఠ్యపుస్తకములోని సమాధానమును చక్కగా అప్పగించి మంచి మార్కులు తెచ్చుకొనును. విదేశ విశ్వవిద్యాలయమున నాలుగైదు గ్రంథములు చదివి, వానిలోని అభిప్రాయములను పోల్చి, తన మాటలలో వ్యాసము వ్రాయవలెను. ఇతరుల వాక్యములను వారి పేరు చెప్పక దించి వ్రాసినచో దానిని తప్పుగా పరిగణింతురు, శిక్షయు ఉండును. ఉపన్యాసమును ఆంగ్లమున విని గురుతులు వ్రాసికొనుట, గ్రంథాలయమును వాడుకొనుట, ప్రయోగశాల నివేదిక వ్రాయుట, తరగతిలో లేచి చర్చించుట మొదలగునవి పునాది సంవత్సరమున నేర్పుదురు. వీనితోపాటు చేరదలచిన డిగ్రీని బట్టి గణితమో, భౌతికశాస్త్రమో, అర్థశాస్త్రమో బోధింతురు.

దివిసీమ రైతులకు పులిగడ్డ అక్విడక్టు తెలియును. కృష్ణపాయ అడ్డుపడిన చోట కాలువ నీటిని ఆవలి గట్టునకు దాటించునది అదియే. పునాది సంవత్సరము కూడ అట్టి కట్టడము వంటిది. ఆవలి గట్టున కాలువ త్రవ్వియుండనిచో అక్విడక్టు ఎంత దృఢముగా కట్టినను పొలము తడవదు. అటులనే ఈ సంవత్సరపు చదువు ఎంత బాగున్నను, దాని తరువాత ఏ విశ్వవిద్యాలయము, ఏ డిగ్రీ, ఏ షరతుపై చేర్చుకొనునో తేలకున్నచో అందుకైన వ్యయము వృథా కావచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు

పేరు క్రొత్తదైనను ఈ ఏర్పాటు మన ప్రాంతమునకు తెలియనిది కాదు. బందరులో రాబర్టు నోబిల్ 1843లో ఆంగ్ల పాఠశాలను స్థాపించినది మొదలు, తెలుగు పలుకు ఇంటినుండి ఆంగ్లమున సాగు ఉన్నతవిద్యకు పిల్లలను చేర్చుట ఎట్లన్న సమస్య డెల్టా కుటుంబములకు పరిచితమే. ఆ పాఠశాలయే కాలక్రమమున నోబిల్ కళాశాలగా పెరిగినది.

దేశములోని మాధ్యమిక విద్యను పరిశీలించుటకు 1952లో నియమింపబడిన మొదలియార్ సంఘము, నాటి రెండు సంవత్సరముల ఇంటర్మీడియట్‌ను తొలగించి, డిగ్రీని మూడు సంవత్సరములు చేయవలెనని సూచించెను. హైస్కూలు ముగించి వచ్చువారిని డిగ్రీకి సిద్ధపరచుటకు ఒక సంవత్సరపు ప్రీ-యూనివర్సిటీ కోర్సు ఏర్పడినది. ఆ రోజులలో కృష్ణాజిల్లా కళాశాలలు ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు అనుబంధములు. బందరులోని నోబిల్, హిందూ కళాశాలలలోను, 1950లో ఏర్పడిన గుడివాడ కళాశాలలోను "పి.యు.సి." చదివినవారు మన గ్రామములలో నేటికిని పెద్దలుగా ఉన్నారు. హైస్కూలులో తెలుగున చదివి, ఒక్క సంవత్సరములో ఆంగ్లబోధనకు అలవాటుపడి, శాస్త్రములు నేర్చి, పరీక్ష నెగ్గుట ఎంత కష్టమో వారిని అడిగిన చెప్పుదురు. 1964-66 నాటి కొఠారీ సంఘము పాఠశాల విద్యను 12 సంవత్సరములకు పెంచవలెనని సూచించినది. మన రాష్ట్రమున 1969-70లో రెండు సంవత్సరముల ఇంటర్మీడియట్ మరల ప్రవేశపెట్టబడినది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడినది.

ఆ పేరు నేటికిని పూర్తిగా మాసిపోలేదు. 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడులో గ్రామీణ విద్యార్థులను పదవ తరగతి తరువాతనే చేర్చుకొని, మొదటి రెండు సంవత్సరములు ప్రీ-యూనివర్సిటీ కోర్సును, తరువాత నాలుగు సంవత్సరములు ఇంజనీరింగును బోధించుచున్నది. ఇచ్చట గమనింపవలసినదేమనగా, పునాదియు పైకట్టును ఒకే సంస్థ చేతిలో నున్నవి. మొదటి భాగము చదివిన విద్యార్థికి రెండవ భాగమునకు దారి ముందే ఏర్పడియున్నది. దివిసీమలోని అవనిగడ్డ, ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు రాష్ట్రమంతట పేరొందినది. అచ్చటికి వచ్చు అభ్యర్థులకు శిక్షణ వేరు, ఉద్యోగము వేరు అని స్పష్టముగా తెలియును. శిక్షణ పొందినంతమాత్రమున నియామకము రాదు. విదేశపు పునాది సంవత్సరమున చేరు కుటుంబములకును ఈ తేడా అంత స్పష్టముగా తెలియవలెను.

విదేశ విద్యార్థులను ఒక సంవత్సరము సిద్ధపరచు పద్ధతియు పాతదే. మాస్కోలో 1960లో ప్రారంభమైన ప్రజామైత్రీ విశ్వవిద్యాలయమున ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశముల విద్యార్థులు ముందుగా సన్నాహక విభాగమున రష్యన్ భాష నేర్చి, తరువాత వైద్యమో, ఇంజనీరింగో చదివెడివారు. మన దేశమునుండి వెళ్లిన విద్యార్థులకును అదియే దారి.

దేశమునకొక విధము

ఇంగ్లండులో పునాది సంవత్సరము రెండు విధములు. మొదటిదానిలో విశ్వవిద్యాలయమే నాలుగు సంవత్సరముల డిగ్రీగా చేర్చుకొని, మొదటి సంవత్సరమును పునాదిగా నడుపును. రెండవదానిలో వేరొక కళాశాల, తరచుగా విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొన్న ప్రైవేటు సంస్థ, ఆ ఒక్క సంవత్సరపు చదువును నడిపి, నిర్ణీత మార్కులు వచ్చినవారిని విశ్వవిద్యాలయమునకు పంపును. రెండింటికిని పేరు ఒక్కటే అయినను, విద్యార్థి స్థితి ఒక్కటి కాదు. డిగ్రీ స్థాయికి తక్కువైన కోర్సులో నున్న విదేశ విద్యార్థి, తరగతులు జరుగు కాలమున వారమునకు 10 గంటలు మాత్రమే పని చేయవచ్చును. డిగ్రీ విద్యార్థికి సాధారణముగా 20 గంటలు. "అబ్బాయి పని చేసికొని ఖర్చులు గడుపుకొనును" అని తలిదండ్రులకు చెప్పువారు ఈ తేడాను సామాన్యముగా చెప్పరు. చదువు ముగిసిన తరువాత అచ్చట ఉండి పని చేయుటకు ఇచ్చు అనుమతియు డిగ్రీ పొందినవారికే గాని, పునాది సంవత్సరము మాత్రమే చదివినవారికి లేదు.

జర్మనీలో ఈ సంవత్సరమును స్టూడియన్‌కొల్లెగ్ అందురు. సాంకేతిక విద్యకు ఒక తరగతి, వైద్యమునకు ఒకటి, అర్థశాస్త్రమునకు ఒకటి అని వేరువేరుగా నుండును. రెండు అర్ధసంవత్సరములు చదివిన తరువాత అర్హతపరీక్ష నెగ్గవలెను. ప్రభుత్వ సంస్థలలో బోధనకు రుసుము సాధారణముగా లేకున్నను, చేరుటకే ప్రవేశపరీక్ష కలదు. దానిని వ్రాయుటకు జర్మన్ భాష తగినంత వచ్చియుండవలెను. ప్రైవేటు సంస్థలు రుసుము తీసికొనును. 2022 నవంబరు నుండి జర్మనీకి పోవు మన విద్యార్థుల సర్టిఫికెట్లను ముందుగా ఎ.పి.యస్. అను జర్మన్ కార్యాలయము పరిశీలించి ధ్రువపత్రము ఇచ్చుచున్నది.

ఆస్ట్రేలియాలో విదేశ విద్యార్థుల కోర్సులు 2000 నాటి చట్టము క్రింద నమోదు కావలెను. క్రైకాస్ అను ఆ పట్టికలో పేరు లేని కోర్సును విదేశ విద్యార్థికి బోధింపరాదు. సంస్థ మూతపడినచో విద్యార్థిని మరియొకచోట చేర్చుటకో, వాడని రుసుము తిరిగి ఇప్పించుటకో అచ్చట 2012 నుండి ప్రత్యేక రక్షణ ఏర్పాటు కలదు.

ఎవరికి అవసరము? ఎవరికి కాదు?

తలిదండ్రులు ముందుగా అడుగవలసినది "మా పిల్లకు ఈ సంవత్సరము నిజముగా అవసరమా?" అని. ఇంగ్లండులోని అనేక విశ్వవిద్యాలయములు మన 12వ తరగతి లేక ఇంటర్మీడియట్ మార్కులు తగినంత యున్నచో నేరుగా డిగ్రీలో చేర్చుకొనుచున్నవి. ఏ బోర్డు పరీక్షకు ఎన్ని మార్కులు కావలెనో ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్కొక్క విధముగా నిర్ణయించును. అట్టి విద్యార్థిని పునాది సంవత్సరమున చేర్చినచో ఒక సంవత్సరము కాలము, లక్షల ధనము నిష్ప్రయోజనముగా పోవును. పంపిన ప్రతి విద్యార్థికిని విదేశసంస్థ నుండి కమీషను పొందు మధ్యవర్తికి అది నష్టము కాదు. అందుచేత ఈ ప్రశ్నకు సమాధానమును అతనివద్ద గాక, విశ్వవిద్యాలయము వారి స్వంత ప్రకటనలోనే చూడవలెను.

ఇచ్చట డిగ్రీ లేక బి.టెక్. పూర్తిచేసి, పై చదువునకు పోవు విద్యార్థికి ఈ సంవత్సరముతో సాధారణముగా పనిలేదు. మన తెలుగువారిలో విదేశములకు పోవువారు పెక్కుమంది ఈ కోవకు చెందినవారే.

మార్కులు చాలనివారికి, ఇచ్చట చదివిన విషయములను వదలి వేరు శాస్త్రమునకు మారగోరువారికి, తెలుగు మాధ్యమమున చదివి ఆంగ్లమున ఇంకను నిలదొక్కుకొననివారికి ఇది ఉపయోగపడును. శ్రద్ధ గలవానికి ఆ సంవత్సరము నిజముగా పునాదియే అగును. క్రొత్త దేశపు చలికి, వంటకు, ఒంటరితనమునకు అలవాటుపడుటకును అది వ్యవధి నిచ్చును.

మరియొక మార్గము మన ముంగిటనే కలదు. ఇంగ్లండులోని కొన్ని విశ్వవిద్యాలయములు, మన దేశములో డిగ్రీ మొదటి సంవత్సరము మంచి మార్కులతో ముగించినవారిని పునాది సంవత్సరము లేకయే పరిశీలించును. జర్మనీ ప్రవేశమునకును మన డిగ్రీలో ఒక సంవత్సరము జయప్రదముగా చదువుటయో, జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ నెగ్గుటయో కొన్ని దారులు తెరచును. 2008లో బందరు కేంద్రముగా ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయము క్రింద గుడివాడలోను, బందరులోను కళాశాలలు కలవు. ఇంటివద్ద భుజించి, బస్సుపాసుతో ఒక సంవత్సరము చదువుటకగు వ్యయమెంత? సముద్రము దాటి అదే సంవత్సరము చదువుటకగు వ్యయమెంత? ఈ రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన పిమ్మటనే నిర్ణయము చేయుట మంచిది. ఒకవేళ విదేశయానము కుదరకపోయినను, ఇచ్చటి మొదటి సంవత్సరము వృథా కాదు. విద్యార్థి రెండవ సంవత్సరమున కొనసాగవచ్చును.

చివరి భూములకు నీరందని సందర్భములు

పునాది సంవత్సరమున చేరుట డిగ్రీలో చేరుటతో సమానము కాదు. ప్రవేశపత్రములో "షరతులతో" అను మాట యుండును. నిర్ణీత మార్కులు, ఆంగ్లమున నిర్ణీత స్థాయి, తరగతులకు హాజరు తగినంత లేకున్నచో విశ్వవిద్యాలయము చేర్చుకొనదు. అప్పుడు విద్యార్థి ఆ సంవత్సరమును మరల చదువవలెను, లేదా తక్కువ పేరుగల సంస్థను వెదకుకొనవలెను, లేదా ఇంటికి తిరిగి రావలెను. వీసా పునాది కోర్సునకే పరిమితమైనచో, డిగ్రీలో చేరునప్పుడు మరల దరఖాస్తు, మరల రుసుములు తప్పవు. ఇంగ్లండున ఆరోగ్యసేవా రుసుము ఒక్కటే 2024 ఫిబ్రవరి నుండి విద్యార్థులకు సంవత్సరమునకు 776 పౌండ్లుగా నిర్ణయింపబడినది.

వైద్యవిద్య విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఫిలిప్పీన్స్ దేశమునకు తెలుగు విద్యార్థులు అనేకులు వెళ్లిరి. అచ్చటి పద్ధతిలో ముందు పూర్వవైద్య డిగ్రీ చదివి, తరువాత నాలుగు సంవత్సరముల వైద్యవిద్య చదువవలెను. 2021 నవంబరు 18న మన జాతీయ వైద్య సంఘము ప్రకటించిన నిబంధనల ప్రకారము, విదేశమున వైద్యవిద్య కనీసము 54 నెలలు ఉండవలెను, ఆంగ్లమున బోధింపబడవలెను, అదే సంస్థలో మరి 12 నెలల శిక్షణ పొందవలెను. నాలుగు సంవత్సరములనగా 48 నెలలే. ముందు చదివిన పూర్వవైద్య కాలమును వైద్యవిద్యగా లెక్కింపనందున పెక్కు కుటుంబములు ఆందోళన పాలైనవి. ఆవలి దేశమునకు సరిపోయిన మెట్టు మన దేశమునకు సరిపోలేదు. తిరిగి వచ్చి ఇచ్చట వృత్తి చేయదలచినవారు ఇచ్చటి నిబంధనలను ముందుగా చూడవలెనని ఈ అనుభవము తెలుపుచున్నది. నీట్ పరీక్షలో అర్హత పొందనివారు విదేశమున వైద్యము చదివినను ఇచ్చట గుర్తింపునకు అర్హులు కారు.

సంస్థయే నమ్మదగినది కాకపోయిన సందర్భములును కలవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమును 2011లో అచ్చటి అధికారులు మూసివేసినప్పుడు అందు చేరియున్న తెలుగు విద్యార్థులు అనేకులు చిక్కులలో పడిరి. ప్రవేశపత్రము, వీసా చేతికి వచ్చుటయే సంస్థ మంచిదనుటకు సాక్ష్యము కాదని అప్పుడు తేలినది.

వ్యయము, పొలము, వడ్డీ

ఆంగ్లదేశములలో పునాది సంవత్సరపు బోధనరుసుము మన రూపాయలలో పది లక్షలకు మించుట సామాన్యము. బస, భోజనము, విమానప్రయాణము, వీసా దానికి అదనము. అంతకన్న ముఖ్యమైన సంగతి, ఇది మొదటి సంవత్సరపు వ్యయము మాత్రమే. దీని తరువాత మూడు సంవత్సరముల డిగ్రీ కలదు. నాలుగు సంవత్సరములకు సరిపడు ధనము ఎచ్చటినుండి వచ్చునో చూచుకొనక, మొదటి సంవత్సరమునకు మాత్రము సమకూర్చుకొని పంపిన కుటుంబము నడిమేట పడవ నాపినట్లగును.

కేంద్రప్రభుత్వము షెడ్యూల్డు కులములు మొదలగు వర్గములకు ఇచ్చు జాతీయ విదేశవిద్యా ఉపకారవేతనము 1954-55 నుండి అమలులో నున్నది. అది మాస్టర్సు డిగ్రీకి, డాక్టరేటుకు మాత్రమే. పునాది సంవత్సరమునకు వర్తింపదు.

బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. డెల్టా రైతులకు బ్యాంకుతో నూరేండ్ల పరిచయము ఉన్నను, విద్యారుణము నొద్దకు వచ్చునప్పటికి ఒక చిక్కు ఎదురగుచున్నది. ఏడున్నర లక్షలకు మించిన రుణమునకు బ్యాంకులు సాధారణముగా స్థిరాస్తి హామీ కోరును. కాని బాకీ రాబట్టుటకు బ్యాంకులు ఉపయోగించు 2002 నాటి సర్ఫేసీ చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు. అందుచేత పెక్కు బ్యాంకులు మాగాణిని హామీగా అంగీకరింపవు. ఇల్లు, ఇంటిస్థలము, డిపాజిట్లు అడుగును. గ్రామకంఠములోని ఇండ్లకు తరచుగా సరియైన పత్రములుండవు. అయిదెకరముల మాగాణి యున్న రైతు కూడ బ్యాంకు మెట్లు దిగి, ఊరిలోని వడ్డీవ్యాపారి యొద్దకు పోవుటకు ఇది ఒక కారణము.

అచ్చట లెక్క ఎట్లుండునో చూడుడు. పది లక్షల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు 20,000 రూపాయలు, సంవత్సరమునకు 2,40,000 రూపాయలు వడ్డీయే అగును. పునాది సంవత్సరము, మూడు సంవత్సరముల డిగ్రీ కలిసి నాలుగేండ్లు గడచునప్పటికి వడ్డీ 9,60,000 రూపాయలు. అసలు అట్లే నిలిచియుండును. బాకీ పెరుగుట నాలుగు సంవత్సరములు. పిల్లవాడు సంపాదించుట ఆ తరువాత. బ్యాంకు రుణమైనచో వడ్డీ ఇంతకంటె మిక్కిలి తక్కువ. చదువు ముగిసిన సంవత్సరము వరకు వాయిదాలు కట్టకుండుటకు సాధారణముగా వీలుండును. కావున 2015లో ఏర్పడిన విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా బ్యాంకులకు దరఖాస్తు చేసి, వారి సమాధానము వచ్చిన తరువాతనే ఇతర మార్గములు చూచుట మేలు. పునాది సంవత్సరమునకును డిగ్రీకిని కలిపి రుణము మంజూరు చేయుదురా, వేరువేరుగానా అని వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమ రైతులు ఉప్పుపట్టిన భూములను మరల సాగులోనికి తెచ్చుకొనుటకు ఎంత శ్రమించిరో సభ్యులలో పెద్దవారు ఎరుగుదురు. అట్టి ఎకరమును తాకట్టు పెట్టుటకు ముందు ఒక వారము ఆగి విచారించుట పిరికితనము కాదు.

అడుగవలసిన ప్రశ్నలు

కాగితములు తెచ్చిన తలిదండ్రులతో కూర్చుండి ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయించుడు.

1. ఈ విద్యార్థి మార్కులతో నేరుగా డిగ్రీలో చేరుటకు వీలున్నదా? విశ్వవిద్యాలయమునకే వ్రాసి అడిగితిరా?

2. పునాది సంవత్సరమును నడుపునది విశ్వవిద్యాలయమా, వేరొక సంస్థయా? ఆ సంస్థ పేరు ఆ దేశప్రభుత్వపు పట్టికలో ఉన్నదా? ఇంగ్లండు, ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఈ పట్టికలను ఎవరైనను ఉచితముగా చూచునట్లు ప్రకటించుచున్నవి.

3. ఎన్ని మార్కులు వచ్చినచో ఏ డిగ్రీలో చేర్చుకొందురు? ఆ హామీ ప్రవేశపత్రములో వ్రాసియున్నదా, నోటిమాటయేనా?

4. ఒక విశ్వవిద్యాలయమునకే దారియా, ఇతర విశ్వవిద్యాలయములును ఈ చదువును అంగీకరించునా?

5. తప్పినచో మరల పరీక్ష కలదా? రుసుము ఎంత?

6. వీసా రానిచో కట్టిన సొమ్ము ఎంత, ఎన్ని దినములలో తిరిగి ఇత్తురు?

7. నాలుగు సంవత్సరముల మొత్తము వ్యయమెంత? వారమునకు ఎన్ని గంటలు పని చేయుటకు అనుమతి కలదు?

8. రుసుమును నేరుగా విద్యాసంస్థ ఖాతాకు పంపుచున్నారా? కన్సల్టెన్సీకి ఇచ్చిన ప్రతి రూపాయకు రసీదు కలదా?

9. చదువు ముగించి తిరిగి వచ్చినచో ఆ పట్టమునకు మన దేశమున గుర్తింపు కలదా?

ఈ తొమ్మిదింటికిని కాగితముపై సమాధానము ఇచ్చు మధ్యవర్తితో నిదానముగా మాటలాడవచ్చును. "సీట్లు అయిపోవుచున్నవి, రేపే కట్టవలెను" అని తొందరపెట్టువానికి బయానా ఇయ్యకుండుట మంచిది. విద్యార్థి బ్యాంకు ఖాతాలో కొన్ని దినములపాటు సొమ్ము చూపుటకు అప్పు ఇప్పించెదమనియు, మార్కులపత్రములు సరిచేయించెదమనియు చెప్పువారిని దగ్గరకు రానీయరాదు. తప్పుడు పత్రము బయటపడినచో వీసా తిరస్కరింపబడుటయే గాక, ఆ దేశమునకు కొన్ని సంవత్సరములవరకు ప్రవేశము మూతపడును. ఆ శిక్ష అనుభవించునది విద్యార్థియే.

పంచాయతి చేయదగిన పని

ఇది పంచాయతి అధికారమునకు సంబంధించిన విషయము కాదని కొందరు తలపవచ్చును. కాని గ్రామసభ జరుగునప్పుడు అరగంటసేపు ఈ విషయమును చర్చించుటకు ప్రత్యేకాధికారము అక్కరలేదు. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడు కాలమున అట్టి చర్చ మిక్కిలి ఉపయోగపడును. గ్రామమున సంక్షేమ, విద్యావ్యవహారములు చూచు ఉద్యోగిని, సమీప బ్యాంకు మేనేజరును, కళాశాల అధ్యాపకుని పిలువవచ్చును. గ్రామమునుండి ఇదివరకే విదేశమునకు వెళ్లి చదువుచున్న యువతీయువకులుందురు. వారు సెలవులకు వచ్చినప్పుడు, లేక ఫోనుద్వారా, తాము చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పినచో అది పది ప్రకటనలకన్న మేలు.

గ్రామకంఠములోని ఇండ్లకు యాజమాన్యపత్రములు ఇచ్చుటకు కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. ఆ సర్వే పనిలో పంచాయతి శ్రద్ధ వహించినచో, పేదకుటుంబమునకు బ్యాంకు వద్ద చూపుటకు ఒక ఆధారము సమకూరును. విదేశమున చిక్కుపడిన విద్యార్థి ఫిర్యాదు చేసికొనుటకు విదేశాంగశాఖ 2015లో "మదద్" అను పోర్టల్‌ను ఏర్పరచినది. బయలుదేరు ప్రతి విద్యార్థి అందు పేరు నమోదు చేసికొనునట్లు, చేరిన వెంటనే భారత రాయబార కార్యాలయపు వివరములను ఇంటికి పంపునట్లు చూడవలెను.

ఆడపిల్లల విషయమున ఒక మాట. కొడుకు చదువునకు ఎకరము అమ్మి, అంతకన్న మంచి మార్కులు వచ్చిన కూతురును ఊరిలోనే ఆపు కుటుంబములు ఇంకను కలవు. సలహా అడుగవచ్చినప్పుడు మార్కులపత్రము చూచి మాటలాడుట సభ్యుల ధర్మము.

పిల్లలు విదేశములకు పోరాదని మా ఉద్దేశము కాదు. బందరు రేవునుండి ఓడలు దూరదేశములకు సాగిన కాలము నుండియు ఈ సీమవారికి సముద్రము అడ్డుగోడ కాలేదు. పునాది సంవత్సరము తగిన విద్యార్థికి, తగిన సంస్థలో, తగిన వ్యయముతో లభించినచో నిజముగా మేలు చేయును. చేరకముందే దాని ఆవలి గట్టు ఏదో చూచుకొనవలెను. ఈ సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన వెంటనే, పై తొమ్మిది ప్రశ్నలను పెద్ద అక్షరములతో వ్రాయించి పంచాయతి కార్యాలయపు గోడమీద అంటింపుడు. అప్పుపత్రముపై సాక్షి సంతకము చేయుటకు ముందు, ఆ ప్రశ్నలకు సమాధానములను అడుగుడు.